వెన్న మెత్తబడితేనే పాస్

క్లెమ్ గిల్లిస్ గదుల్లో వేడిగాలి పోసే హీట్ పంప్ ఏ ఇంటికి పనికొస్తుందో, ఏ ఇంటికి పనికిరాదో వెన్నని అడిగి చెప్పేవాడు. వెటకారం కాదు, నిజంగా వెన్ననే అడిగేవాడు.

ఆ పంపులమ్మే కంపెనీవాళ్ళు అతనికి మంచి మిషనొకటి ఇచ్చారు. మీట నొక్కితే గదిలో వేడి ఎంతుందో అంకెల్లో చూపిస్తుంది. అది అతని వ్యాను అద్దం దగ్గర పడి, ఎండకి ఎండీ ఎండీ, చివరికి తన ఒంట్లో వేడి ఎంతో తనే చెప్పుకోలేని స్థితికొచ్చింది. క్లెమ్ దాని మొహం చూసేవాడు కాదు. నీలం చారల పింగాణీ గిన్నె, దాని మీదికో మూత, ఎముక పిడి కత్తి చెక్కపెట్టెలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. గిన్నెలో చలికి రాయిలా బిగిసిన వెన్నముద్ద ఉండేది. దాన్ని ఆ ఇంటివాళ్ళ భోజనాల బల్ల మీద పెట్టి, మూతేసి, “మీ పనులు మీరు చూసుకోండి. నా వెన్న జోలికి మాత్రం రాకండి” అని చెప్పి ఇల్లంతా తిరగడానికి వెళ్ళేవాడు. తిరిగొచ్చి, స్కోన్‌ని రెండు చెక్కలు చేసి వెన్న రాసేవాడు. సాఫీగా పరుచుకుంటే ఇల్లు పాస్. స్కోన్ చిరిగిందంటే ఫెయిల్. అంతే, ఇక అప్పీలు లేదు.

స్కోన్లు నావి. మా లాంబర్న్‌లో టీ కొట్టూ, కిరాణా కొట్టూ, పోస్టు డబ్బాలూ అన్నీ నా ఒక్క కప్పు కిందే. నా స్కోన్ బన్నుకి తమ్ముడు, బిస్కెట్టుకి అన్న. పొద్దున్నే పొయ్యిలోంచి దించీ దించకముందే క్లెమ్ గుమ్మంలో ఉండేవాడు.

“కొంచెం గట్టిగా చెయ్యరాదూ రేవిన్, పరీక్షకి నిలబడేట్టు?”

“మెత్తగా ఉండటమే దాని గొప్ప. ఇళ్ళు గట్టిగా కట్టుకోమని వాళ్ళకి చెప్పు.”

వెన్నే ఎందుకంటే, అంతకుముందు అతను మా ఊరి వెన్న ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆ ఫ్యాక్టరీ కూత విని మేమంతా గడియారాలు సరిచేసుకునేవాళ్ళం. గాలి అటునుంచి తిరిగిందంటే ఊరంతా పుల్లమజ్జిగ వాసన. అప్పుడు ముక్కు మూసుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ వాసన ఎక్కడైనా తగులుతుందేమోనని ముక్కు వెతుక్కుంటుంది. ఫ్యాక్టరీ మూతపడిన రోజు మిగతావాళ్ళు టోపీలూ బూట్లూ పట్టుకుని ఇళ్ళకెళ్ళారు. క్లెమ్ నీలం చారల గిన్నె పట్టుకెళ్ళాడు. ఫ్యాక్టరీ పోయినా వెన్న పోకూడదని ఇంటివెనక ఒక ఆవుని పెట్టుకున్నాడు. పెళ్ళి చేసుకోలేదేం అని ఎవరైనా అడిగితే ఆ ఆవుని చూపించేవాడు.

అప్పుడే మా వైపు హీట్ పంపులు దిగడం మొదలైంది. ఇంట్లో గోడకొక తెల్ల పెట్టె, బయట ఇంకో పెద్ద పెట్టె. బయట తెల్లమంచు పట్టి, తీగ మీద ఆరేసిన ప్యాంట్లు అట్టముక్కల్లా నిలబడి ఉంటే, ఆ గాలిలోంచే వేడి పిండి తెచ్చి లోపల పోస్తుందట. “రాతిలోంచి నార తీస్తారని వినడమే. ఇదిగో, ఇప్పుడు కరెంటు పెట్టి తీస్తున్నారు” అని మా ఆయన గ్రాంట్ నవ్వాడు. నవ్వినా ఒకటి కావాలన్నాడు. క్లెమ్‌ని పిలిచాం.

మా ఇల్లు ఫెయిలయింది. స్కోన్ చిరగడమే కాదు, చిరిగిన ముక్క ఎగిరి గ్రాంట్ ఒళ్ళో పడింది.

“పనికిరాదు,” అన్నాడు క్లెమ్.

“ఏది, స్కోనా?”

“ఇల్లు.”

గ్రాంట్ మొహం కందగడ్డలా అయింది. “మా నాన్న తన చేతుల్తో కట్టిన ఇల్లయ్యా ఇది! ఆయన ఇందులోనే పోయాడు.”

“చలికే పోయుంటాడు.”

“ఏంటయ్యా ఆ మాట!”

“చిల్లుకుండలో నీళ్ళు పోస్తే నిండుతుందా గ్రాంట్? పెట్టె వేడి ఇస్తుంది. నీ ఇల్లు ఆ వేడిని పట్టుకెళ్ళి పక్కచేలో గొర్రెలకి ఇస్తుంది. ముందు అటక మీద ఉన్ని పరిపించు. ఆ పొగగొట్టం మూయించు. కర్టెన్లు నేలదాకా దించు. ఇప్పుడవి నీ నిక్కర్లలాగా మోకాళ్ళ దగ్గరే ఆగిపోయాయి.”

గ్రాంట్ తన నిక్కరు చూసుకున్నాడు. మా వైపు మగవాళ్ళు మంచులో కూడా నిక్కర్లే వేస్తారు. అది పౌరుషం. అటక మీద ఉన్ని మాత్రం పరిపించాడు. కర్టెన్లు నేను కుట్టాను. తర్వాతి పరీక్షలో పాసయ్యాం. ఆ రోజు గ్రాంట్ ఊళ్ళో కనిపించిన ప్రతివాడికీ “వెన్న ఇలా పరుచుకుందిరా” అని అరచేతి మీద చూపించాడు.

కంపెనీ మేనేజరు పేరు డంకన్. అతను క్లెమ్ కోసం మా కొట్టుకే ఫోన్ చేసేవాడు. అతని గొంతు ఎంతదంటే, ఫోను క్లెమ్ చెవి దగ్గరున్నా టీ తాగేవాళ్ళందరికీ సమానంగా వినబడేది.

“క్లెమ్! నువ్వు మా తరఫున వెళ్తున్నావా, వెన్న తరఫున వెళ్తున్నావా?”

“ఇంటి తరఫున వెళ్తున్నానయ్యా.”

“ఈ వారం ఒక్కటైనా అమ్మావా?”

“ఒక ఇల్లు పాసయ్యేట్టుంది. చలికాలం పోయాక చెబుతాను.”

“చలికాలం పోయాక వాళ్ళకెందుకయ్యా అది!”

అయినా డంకన్ అతన్ని తీసెయ్యలేకపోయాడు. క్లెమ్ పాస్ చేసిన ఇంటినుంచి ‘మీ పెట్టె పనిచెయ్యడం లేదు’ అని ఒక్క ఫిర్యాదూ వచ్చేది కాదు.

ఊళ్ళో మాత్రం పాసవడం పెద్ద పరువు విషయమైపోయింది. పరువు ఉన్నచోట దొంగతనం ఉంటుంది కదా. బెర్ట్ ఒస్బోర్న్ వేడినీళ్ళ సంచి తెచ్చి బల్లకింద అంటించాడు. క్లెమ్ తిరిగొచ్చి వెన్న చూడలేదు. బల్లని చూసి, “జ్వరమా పాపం?” అని దాని మీద చెయ్యేశాడు. ఇంకొకరింట్లో గొర్రెలు ఈనే కాలం. తల్లి వదిలేసిన గొర్రెపిల్లని వంటింట్లో పొయ్యి పక్కన పెట్టుకున్నారు. క్లెమ్ వెనక్కి వచ్చేసరికి ఆ పిల్ల వెన్నంతా నాకేసి, గుమ్మం దగ్గర పడుకుని నిద్రపోతోంది. ఇంటావిడ లబోదిబోమంది. “ఇప్పుడెలా క్లెమ్? మళ్ళీ పెట్టాలా?”

“అక్కర్లేదమ్మా. పొయ్యి వదిలేసి గుమ్మం దగ్గర పడుకుందంటే ఆ తలుపు కింద గాలి రావడం లేదన్నమాట. పాస్.”

ఇక బయటి పెట్టె ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తంతు. ఎండ తగలని దక్షిణం వైపు ససేమిరా పెట్టనిచ్చేవాడు కాదు. భూగోళం కింది సగంలో ఉన్నాం కదా, మాకు ఎండ ఉత్తరంనుంచి వస్తుంది, చలి జూన్ జూలైల్లో వస్తుంది. ఒకసారి బెర్ట్‌కి బోధిస్తుంటే నేనక్కడే ఉన్నాను.

“దాని మీద పట్టిన మంచు కరిగి కింద కారుతుంది బెర్ట్. నీడలో మళ్ళీ గడ్డకడుతుంది. ఆ దారిన నడిచేవాళ్ళు జారిపడి కాలు విరగ్గొట్టుకుంటారు.”

“మా అత్తగారు అటే నడుస్తుంది.”

“అందుకే చెబుతున్నా.”

“అందుకే అడుగుతున్నా. అటే పెట్టు.”

ఇంత వెన్న భక్తుడికి ఒక శత్రువు ఉండేది. అది మార్జరిన్. నూనెతో చేసి డబ్బాలో పోసి అమ్ముతారే, ఆ దొంగ వెన్న. ఫ్రిజ్‌లో పెట్టినా, మంచులో పాతిపెట్టినా మెత్తగానే ఉంటుంది. తమ ఫ్యాక్టరీ మూతపడటానికి అదే కారణమని క్లెమ్ నమ్మకం. “బండి ఇరుసుకి రాసుకునేది మనిషి నోటికి రాస్తారా?” అనేవాడు. మంచు మీద రాళ్ళు తోసే ఆట ఆడే మా కర్లింగ్ క్లబ్బు విందులో ఒకసారి బెర్ట్ తెలియక మార్జరిన్ తెప్పించాడు. క్లెమ్ ఒక్క కొరుకు కొరికి, లేచి, టీ కప్పు పట్టుకుని బయట మంచులో నిలబడ్డాడు. విందు అయ్యేదాకా లోపలికి రాలేదు. కిటికీలోంచి అతన్ని చూస్తూ మేమెవరమూ తిండి మింగలేకపోయాం. ఆ తర్వాత మా ఊళ్ళో మార్జరిన్ కొనేవాళ్ళే లేరు. క్రైస్ట్‌చర్చ్ పట్నం నుంచి వచ్చేవాళ్ళ కోసం రెండు డబ్బాలు తెచ్చి, ఫ్రిజ్‌లో చేపల వెనక దాచి ఉంచేదాన్ని.

ఇప్పుడు ఎఫీ ప్రింగిల్ సంగతి చెప్పాలి.

ఎఫీకి ఎనభై దాటాయి. ఒకప్పుడు మా ఊరి టెలిఫోన్ తీగలన్నీ ఆవిడ ముందుగదిలోకే వచ్చేవి. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆవిడ తీగ కలపాలి. “కలుపుతున్నాను, ఉండండి” అనే ఆ గొంతు వింటే చాలు, మనం చెప్పబోయే విషయం ఆవిడకి ముందే తెలిసిపోయిందని అర్థం. కబుర్లలో నాకంత పేరుందంటారు కానీ, నేను ఆవిడ శిష్యురాలిని మాత్రమే. తర్వాత ఫోన్లన్నీ వాటంతటవే కలవడం మొదలయ్యాయి. బోర్డు ఊడదీసుకుపోయారు. గోడ మీద దాని మచ్చ మిగిలింది. ఎఫీ మిగిలింది.

ఆ ముందు చలికాలంలో ఆవిడ ఊపిరితిత్తులు దెబ్బతిని డునెడిన్ ఆసుపత్రిలో పడింది. కూతురు లొరేన్ టిమరూ నుంచి వచ్చి మా కొట్లో కూర్చుని నాతో తేల్చి చెప్పింది. “ఇంకో శీతాకాలం ఆ చలి ఇంట్లో వద్దని డాక్టరు అన్నాడు రేవిన్. హీట్ పంప్‌కి ఇల్లు పనికొస్తుందని క్లెమ్ అంటే సరే, ఉండనీ. పనికిరాదంటే మా ఊళ్ళో వృద్ధాశ్రమంలో చేరుస్తాను. గది చూసేశాను.”

“మీ అమ్మ ఏమంది?”

“ఏమంటుంది? ‘టిమరూలో నాకెవరు తెలుసు? ఎవరి గురించి మాట్లాడుకోను?’ అంది.”

ఎఫీ ఇల్లు వెన్న పరీక్షలో ఏమవుతుందో ఊళ్ళో అందరికీ తెలుసు. బంగారు గనుల కాలంనాటి మట్టి ఇల్లు. అందులో వెన్న మెత్తబడాలంటే ముందు ఆ ఇల్లు తగలబడాలి.

మర్నాడు ఎఫీ కొట్టుకొచ్చింది. అటూ ఇటూ చూసి, కర్ర నా బల్లకి ఆనించి, గొంతు తగ్గించింది.

“అమ్మాయ్, ఆ డబ్బా ఒకటి ఇవ్వు.”

“ఏ డబ్బా?”

“చేపల వెనకది.”

ఆవిడకి తెలియనిది ఏముంది? “మార్జరినా! మీకెందుకండీ?”

“పిల్లికి.”

“మీకు పిల్లి లేదుగా?”

“రాబోతోంది,” అంది ఎఫీ. డబ్బాని ఉన్ని కోటు జేబులో వేసుకుని వెళ్ళిపోయింది.

పరీక్ష రోజు స్కోన్లు నేనే పట్టుకెళ్ళాను. క్లెమ్ పట్టుకెళ్ళగలడు, కానీ నేను చూడకపోతే నాకు నిద్రపట్టదు. ఎఫీ వంటింట్లో బయటికన్నా చలిగా ఉంది. మట్టిగోడలు మూరెడు మందం, వాటికి వంక పెట్టక్కర్లేదు. కానీ నేలకి పరిచిన చెక్కల సందుల్లోంచి గాలి లేచి కార్పెట్టుని ఎత్తుతోంది, దించుతోంది. ఇల్లే ఊపిరి తీస్తున్నట్టుంది. లొరేన్ కోటు విప్పకుండా, చేతులు కట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. చెడ్డదేం కాదు. ఆసుపత్రిలో తల్లి దగ్గు విని విని హడలిపోయిన పిల్ల.

క్లెమ్ గిన్నె బల్ల మీద పెట్టాడు. “మూత తియ్యకండి మిసెస్ ప్రింగిల్.”

“నేనెందుకు తీస్తాను క్లెమ్? నాకేం పని?” అంది ఎఫీ, పిల్లి గురించి చెప్పిన మొహంతోనే.

అతను టార్చి పట్టుకుని బయటికెళ్ళాడు. నేల కింది ఖాళీలో దూరబోయి ఇరుక్కుని, తిట్టుకుంటూ బయటపడి, నిచ్చెన వేసుకుని పైకప్పులోకి ఎక్కడం మాకు వినిపిస్తూనే ఉంది.

“లొరేన్, గేటు దగ్గర ఉత్తరాలొచ్చాయేమో చూసి రా తల్లీ.”

“అమ్మా, ఇవాళ ఆదివారం.”

“అయితే నిన్నటివి చూడు.”

లొరేన్ నిట్టూర్చి వెళ్ళింది. ఎఫీ చేతులు కదిలాయి. ఏళ్ళ తరబడి ఒక కన్నంలోంచి తీగ పీకి ఇంకో కన్నంలో గుచ్చిన చేతులవి. మూత లేచింది. వెన్నముద్ద ఒక జేబులోకి పోయింది. ఇంకో జేబులోంచి డబ్బా వచ్చింది. మార్జరిన్ గిన్నెలో పడింది, చెంచా వెనకభాగంతో ముద్దలా తయారైంది. డబ్బా మళ్ళీ జేబులోకి పోయింది, మూత పడింది. అప్పుడు నావైపు తిరిగింది.

“నువ్వేం చూశావు?”

“గోడ చూశానండీ.”

“బాగుందా?”

“చాలా బాగుంది.”

క్లెమ్ జుట్టులో సాలెగూళ్ళతో దిగొచ్చాడు. లొరేన్ కూడా వచ్చింది. అతను స్కోన్ తుంచాడు, మూత తీశాడు, కత్తి దించాడు. కత్తి ఇంకా తగలకముందే అది పక్కకి జరిగి దారిచ్చింది. నూనెలా మెరుస్తూ స్కోన్ అంచులదాకా పాకింది. క్లెమ్ చెయ్యి ఆగిపోయింది. స్కోన్ చూశాడు. గిన్నె చూశాడు. ఎఫీ ఉన్ని కోటు చూశాడు. దాని ఒక జేబు గులకరాయి వేసినట్టు కిందికి వేలాడుతోంది. ఒంటికి ఆనుకుని ఉన్నా జేబులో వెన్న ఇంకా రాయిలాగే ఉందంటే, ఆ ఇంటికి వేరే పరీక్ష దేనికి?

ఇప్పుడు లేస్తాడు, టీ కప్పు పట్టుకుని బయటికి పోతాడు, ఎఫీ టిమరూ పోతుంది అనుకున్నాను.

క్లెమ్ కొరికాడు. నమిలాడు. పిల్లలు ఆముదం మింగేటప్పుడు కళ్ళు మూసుకుంటారే, అలా మూసుకుని మింగాడు.

“ఏమంటారు?” అంది లొరేన్.

అతను రెండో చెక్క తీసుకున్నాడు. దానికి ఇంకా మందంగా రాసుకున్నాడు. “ఇంత మెత్తటి వెన్న ఈ ఊళ్ళో ఏ ఇంట్లోనూ చూడలేదమ్మా.”

“నాకైతే చలిగానే ఉంది మరి.”

“వెన్నకి లేదు. పాస్. మిషను మే నెలాఖరుకి వస్తుంది. ఈలోపు చిన్న చిన్న పనులుంటాయి, అవి ప్రతి ఇంటికీ ఉండేవే.”

లొరేన్ వేలికొసతో కొంచెం తీసి నాలిక మీద వేసుకుంది. “అవును, బాగుంది. అచ్చం మా ఇంట్లో వెన్నలాగే ఉంది,” అంది. వాళ్ళింట్లో గుండెకి మంచిదని ఏళ్ళుగా మార్జరినే.

ఎఫీ అప్పటిదాకా నిలబడే ఉంది. ఇప్పుడు మెల్లగా కుర్చీలో కూర్చుంది. “నీకంత నచ్చిందా క్లెమ్?”

“చాలా నచ్చింది మిసెస్ ప్రింగిల్.”

ఆ ఒక్క మాటే అతని కొంప ముంచింది. ఎలాగో చెబుతాను.

తిరుగుదారిలో అతని వ్యానులోనే వచ్చాను. మలుపు తిరగ్గానే బండి ఆపి, ఫ్లాస్కులో టీ అంతా పుక్కిలించి ఉమ్మాడు.

“నీకు తెలుసన్నమాట,” అన్నాను.

“నాలిక ఇంకా జారుతోంది రేవిన్.”

“మరి పాస్ అన్నావేం?”

“వెన్న అనలేదు. నేనన్నాను.”

“ఇల్లు ఫెయిలే కదా?”

“ఘోరంగా ఫెయిల్. మార్కులు ముందు వేసేశాం. ఇప్పుడు కూర్చోబెట్టి చదివించాలి.”

అతని పనిసంచీ నా కాళ్ళ దగ్గర తెరుచుకుని ఉంది. అందులో హీట్ పంప్‌కి సంబంధించిన సామాను ఒక్కటీ లేదు. కిటికీ అద్దాలకి పెట్టే మెత్తటి లప్పం, తలుపుల కింద కొట్టే ఉన్నిపట్టీలు, మడతబందులు, మేకులు, నూనెసీసా. నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. అతను మొదటిసారి వచ్చి వెళ్ళాక మా పెరటి తలుపు కిర్రుమనడం మానేసింది. గ్రాంట్ బాగుచేశాడని నేనూ, నేను చేశానని గ్రాంట్ అనుకున్నాం. బెర్ట్ అత్తగారి గది కిటికీ ఏళ్ళ తర్వాత మూసుకుంది. అదీ వెన్న పరీక్ష అయిన వారమే.

“వెన్న ఒక వంకా నీకు?” అన్నాను.

అతను కాసేపు బండి అద్దం తుడిచాడు. “మనవాళ్ళు సాయం అడగరు కదా రేవిన్. ‘నీ తలుపు కింద గాలొస్తోంది, బిగించి పెట్టనా’ అంటే బయటికి నడవమంటారు. ‘వెన్న మెత్తబడాలి, కాసేపు ఇక్కడే ఉంటాను’ అంటే టీ పోస్తారు.” ఇంజను తిప్పాడు. “అయినా వెన్న అబద్ధం చెప్పదు. ఆ గ్రీజు చెబుతుంది.”

ఆ శరదృతువంతా ఎఫీ ఇంటి దగ్గర తిరునాళ్ళే. పైకప్పులో ఉన్ని పరిచారు. పొగగొట్టంలో ఉన్నిమూట కుక్కారు. కర్టెన్లకి దుప్పట్లు అతికించి నేను కుట్టాను. నేల కింద మాత్రం మనిషి పట్టడు. ఊళ్ళో అందరికన్నా బక్కవాడు బెర్ట్ తల దూర్చి, అరుస్తూ వెనక్కొచ్చాడు. అప్పుడు క్లెమ్ కర్లింగ్ క్లబ్బువాళ్ళని పిలిచాడు. చెరువు గడ్డకట్టాక మంచు మీద బరువైన రాయిని తోసి, దాని ముందు చీపుర్లతో ఊడుస్తూ సరిగ్గా గీసిన చోటికి పంపడమే వాళ్ళు ఏళ్ళుగా చేస్తున్న పని. ఉన్నిమూటల్ని చెక్కపలకల మీద కట్టి, ఒకవైపునుంచి రాయి తోసినట్టు నేల కిందికి తోశారు. చీపురుకర్రలతో సర్దారు. పైన ఎఫీ కుర్చీలో కూర్చుని, పాదాలకి గాలి ఎక్కడ తగులుతోందో చూసి కర్రతో నేలని పొడుస్తూ కెప్టెనులా కేకలు పెట్టింది.

“ఇక్కడింకా ఈదురుగాలి! ఎడమకి! ఎడమకిరా బెర్ట్, అది నీ కుడి! ఊడవండి, ఊడవండి!”

“ఎఫీ గారూ, ఇది ఆట కాదండీ!”

“ఆట కాకపోతే ఓడిపోతున్నావేం మరి?”

పెట్టె వచ్చాక దాన్ని టెలిఫోన్ బోర్డు మచ్చ ఉన్న గోడకే బిగించాడు క్లెమ్. బయటి పెట్టెని ఉత్తరం వైపు, ఎండలో, మంచు అందనంత ఎత్తు దిమ్మ మీద పెట్టాడు. ఎఫీ రిమోట్ చేతిలోకి తీసుకుని, మీట మీద వేలు పెట్టి, పాత గొంతుతో “కలుపుతున్నాను, ఉండండి” అంది. వెచ్చటి గాలి వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం.

జూలైలో చెట్ల కొమ్మలన్నీ తెల్లమంచు పట్టి గాజుపూసల్లా అయిన వారం లొరేన్ వచ్చింది. కోటు విప్పింది. కాసేపటికి స్వెటరు విప్పింది. “అమ్మా, కొంచెం తగ్గించవూ” అంటూనే కుర్చీలో నిద్రపోయింది. టిమరూ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఇక కొంప మునిగిన సంగతి. హీట్ పంప్‌కి ఒక జల్లెడ ఉంటుంది, అప్పుడప్పుడు దులపాలి. ఎఫీ ఇంటి జల్లెడని మాత్రం క్లెమ్ ప్రతి బుధవారం దులిపేవాడు. దులిపాక టీ. టీతో స్కోన్. స్కోన్ మీద, అతనికి అంత నచ్చిందని చెప్పాడు కాబట్టి, ఆ డబ్బాలోది.

“ఇప్పుడు అసలు వెన్న కూడా మెత్తబడుతోంది అమ్మాయ్. కానీ క్లెమ్‌కి ఇదే ఇష్టం. ఇంకో డబ్బా ఇవ్వు,” అనేది ఎఫీ నాతో.

“పిల్లికా?”

“పిల్లికే,” అని నవ్వేది. “పాపం, వెన్న ఫ్యాక్టరీలో అన్నేళ్ళు పనిచేశాడు. దీనికీ దానికీ తేడా తెలీదు. ఎవరికీ చెప్పకు, నవ్వుతారు.”

ఆ పిల్లి కథ క్లెమ్‌కి చెప్పకుండా ఉండటం నా వల్ల కాలేదు. విని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. బుధవారం సాయంత్రం అతను నా కొట్టుకి రాగానే, నేను అడక్కుండానే దట్టంగా వెన్న రాసిన స్కోన్ ముందు పెట్టేదాన్ని. నోరు కడుక్కున్నట్టు తినేవాడు.

“చెప్పెయ్యరాదూ ఆవిడకి?”

“చెబితే, నాకు తెలుసని ఆవిడకి తెలుస్తుంది. అప్పుడు ఆ ఇంట్లో ఉన్నందుకు ఆవిడ సిగ్గుపడుతుంది. నాలికదేముంది రేవిన్, కడుక్కుంటే పోతుంది.”

ఒక ఏడాది క్లబ్బు విందుకి ఎఫీ తన పళ్ళెం తనే పట్టుకొచ్చింది. నేరుగా క్లెమ్ ముందు పెట్టింది. ఊరంతా చూస్తోంది. దాని మీద ఆ మెరుపు ఏమిటో బెర్ట్‌కి బాగా తెలుసు. నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని కిటికీ వైపు చూశాడు, క్లెమ్ బయటికెళ్తే ఎక్కడ నిలబడతాడోనని. క్లెమ్ కదల్లేదు. పళ్ళెం ఖాళీ చేశాడు. కత్తికి అంటుకున్నది కూడా నాకాడు.

“ఇలాంటిది ఎక్కడా దొరకదు మిసెస్ ప్రింగిల్.”

ఎఫీ చాలా శీతాకాలాలు అక్కడే ఉంది. అందరి గురించీ మాట్లాడింది. ఒక వసంతంలో తన గదిలో, తన మంచం మీద, వెచ్చగా ఉండగానే వెళ్ళిపోయింది. నేను ఇక మార్జరిన్ తెప్పించడం మానేద్దామనుకున్నాను.

ఆ తర్వాతి బుధవారం సాయంత్రం క్లెమ్ ఎప్పటిలాగే వచ్చాడు. నేను వెన్న రాసిన స్కోన్ పెట్టాను. దాన్ని చూశాడు, పక్కకి జరిపాడు. టోపీ తీసి చేతుల్లో తిప్పాడు.

“చేపల వెనక డబ్బా ఏమైనా మిగిలిందా రేవిన్?”

“ఒకటుంది. ఎవరికి?”

“పిల్లికి.”

“నీకు పిల్లి లేదుగా క్లెమ్?”

“రాబోతోంది.”

డబ్బా తీసి, దాని మీద రెండు స్కోన్లు పెట్టి ఇచ్చాను. అవి కూడా పిల్లికే.